నురుగు ఎత్తును బట్టి రచయిత

తెలుగు సినిమాకు మంచి కథలు రాకపోవడానికి కారణం రచయితల తెలివి తక్కువతనం కాదనీ, వారి ఒంట్లో జిన్‌సెనోసైడ్లు తక్కువ కావడమేననీ జూబ్లీహిల్స్ అధికారికంగా తేల్చింది. జిన్‌సెనోసైడ్లు అంటే జిన్‌సెంగ్ అనే వేరులో ఉండే పదార్థాలు. రచయితల తరఫున నేను ఈ తీర్పును స్వాగతిస్తున్నాను. ఇన్నాళ్లూ నేరం మా బుర్రల మీద ఉండేది, ఇప్పుడది రసాయనశాస్త్రం మీదికి బదిలీ అయింది. (నా బుర్రకు మందు లేదని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే చెప్పింది.)

నన్ను నేనే పరిచయం చేసుకోవాలి, ఎందుకంటే ఈ ఊళ్లో మరొకరు చేయరు. పేరు రాజబాబు, వృత్తి సినిమాలకు మాటలు రాయడం. పరిశ్రమలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, అందులో చాలా భాగం నిర్మాతల వరండాల్లో సంపాదించింది. కాపురం మధురానగర్‌లో. మా ఆవిడ కరుణాకుమారి యూసుఫ్‌గూడలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. ఇంట్లో చదువుకున్నది ఆమె, రాసేది నేను. ఈ పని విభజన వల్ల ఇంతవరకూ ఎవరికీ ప్రమాదం జరగలేదు.

నేను పనిచేసేది ఫిల్మ్‌నగర్‌లో, మహాశిఖరం పిక్చర్స్ వారి కథా విభాగంలో. కథా విభాగం అంటే ఒక పొడుగాటి బల్ల, దాని చుట్టూ కొంతమంది మగవాళ్లు, మధ్యలో మిక్చర్ ప్లేటు. ప్లేటు ఖాళీ అయితే ఆ పూటకు కథాచర్చ ముగిసినట్టు. ఈ పద్ధతి మీద ఎన్నో విజయవంతమైన చిత్రాలు వచ్చాయి, మిగతావి కూడా ఈ పద్ధతి మీదే వచ్చాయి.

సంగతి ఎలా మొదలైందంటే, మా హీరో నాగసాయిగారు ఒక పాట కోసం కొరియా వెళ్లారు. కథకు కొరియాతో ఏ సంబంధమూ లేదు, కానీ పాటకు కథతో సంబంధం లేదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడ ఎవరో ఆయనకు ఎర్ర జిన్‌సెంగ్ కషాయం ఇచ్చారు. మర్నాడు ఫైటు మధ్యాహ్నం భోజనాలకు ముందే పూర్తయిపోయింది. (ఫైటు చేసింది డూపు. డూపు తాగింది టీ. ఈ వివరం ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కలేదు.)

తిరిగి వస్తూ ఆయన గాజు సీసాలో ఒక వేరును తెచ్చి నిర్మాత పాండురంగారావుగారికి బహూకరించారు. ఆ వేరుకు రెండు కాళ్లు, రెండు చేతులు, మంచి కండ పట్టిన ఛాతీ ఉన్నాయి. తల మాత్రం లేదు. మేము హీరో పాత్రను సరిగ్గా ఇలాగే రాస్తాం కాబట్టి అందరికీ వెంటనే నచ్చేసింది. మంచి రోజు చూసి సీసాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దాని మీద క్లాపు కూడా కొట్టారు. మేం క్రైస్తవులం. అయినా నేను చేతులు జోడించి ముందు వరసలోనే నిలబడ్డాను. పరిశ్రమలో అందరిదీ ఒకటే మతం, హీరోగారు దేనికి దణ్ణం పెడితే దానికి పెట్టడం.

ఆ వెంటనే ఆఫీసులో ఉత్సాహ విభాగం ఏర్పడింది. ప్రధాన ఉత్సాహాధికారిగా మనోజ్ఞ అనే అమ్మాయి వచ్చింది. ఇదివరకు ఆమె ఒక జిమ్ముల కంపెనీలో, పేరు నమోదు చేయించుకుని రానివాళ్లకు రోజూ సందేశాలు పంపే విభాగాన్ని నడిపింది. చాలా మర్యాదస్తురాలు. మనిషిని పనిలోంచి తీసేసేటప్పుడు కూడా ముందూ వెనకా 'సర్' చేర్చి తీసేస్తుంది.

మొదటి సమావేశంలోనే ఆమె తెర మీద బొమ్మలు వేసి, జిన్‌సెంగ్‌ది అరేలియేసి అనే కుటుంబమని చెప్పింది. కుటుంబం అన్న మాట వినగానే మేమంతా సర్దుకుని కూర్చున్నాం. ఫిల్మ్‌నగర్‌లో ఫలానా కుటుంబం అన్నాక ప్రతిభ గురించి అడగడం మర్యాద కాదు. కొరియా వేరు ఆ ఇంటి పెద్దకొడుకట, అమెరికా వేరు రెండోవాడట, జిన్‌సెనోసైడ్లన్నీ ప్రధానంగా వాళ్లకే వారసత్వంగా దక్కాయట. సైబీరియా జిన్‌సెంగ్ అనేది పిన్ని కొడుకు. కుటుంబం అదేగానీ ఒంట్లో ఆ పదార్థాలు లేవు, వేరే ఏవో ఉన్నాయి, అంచేత పక్క పాత్రలకే పిలుస్తారు. మన అశ్వగంధ అయితే అసలు ఆ ఇంటిది కానే కాదు, వంకాయ వాళ్ల ఇంటిది. ఇండియన్ జిన్‌సెంగ్ అని తెర పేరు పెట్టుకుని నెట్టుకొస్తోంది. నాకు అశ్వగంధ మీద అప్పుడే గౌరవం కలిగింది. (వెనకాల కుటుంబం లేకుండా ఇక్కడ నెట్టుకురావడం ఎంత కష్టమో నాకు తెలుసు.)

తర్వాత ఆమె జిన్‌సెనోసైడ్ల పేర్లు చదివింది. ఆర్‌బి వన్, ఆర్‌జి వన్, ఆర్‌ఇ, ఆర్‌డి. వింటుంటే జూబ్లీహిల్స్‌లో అడ్రసు వెతుక్కుంటున్నట్టే ఉంది. వీటిలో ఒకటి మనిషిని నెమ్మదిపరుస్తుందనీ, మరొకటి హుషారు చేస్తుందనీ, రెండూ ఒకే వేరులో కలిసి ఉంటాయనీ చెప్పింది. నిర్మాత, దర్శకుడు ఒకే కారులో ప్రయాణించడం నేను చూశాను కాబట్టి నమ్మాను. వేరును ఆవిరి మీద ఉడకబెడితే ఎర్రబడి, లోపలి పదార్థాలు మారి, శక్తి పెరుగుతుందట. మా కథల్ని కూడా ఏళ్ల తరబడి ఉడకబెడుతూనే ఉన్నామని, వాటికి రంగు కూడా మారలేదని నా పక్కన కూర్చున్న కమలాకర్ గొణిగాడు. కమలాకర్ కరీంనగర్ వాడు, కథ అల్లడంలో నాకంటే మొనగాడు. ఆ గొణుగుడు కూడా సమావేశపు మినిట్స్‌లో 'వ్యతిరేక ఉత్సాహం' కింద నమోదైంది.

కొన్నాళ్లు ఆఫీసువాళ్లే పూటకో గ్లాసు కషాయం పోశారు. ఆ తర్వాత ఉత్సాహ నియమావళి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి రచయితా తన జిన్‌సెంగ్ తానే సంపాదించుకుని, ఇంట్లో కాచుకుని, ఫ్లాస్కులో తేవాలి. గేటు దగ్గర అందులో సగాన్ని ఒక గాజు గొట్టంలో పోసి గట్టిగా కుదుపుతారు. పైకి లేచిన నురుగును స్కేలుతో కొలిచి యాప్‌లో ఎక్కిస్తారు. మిగతా సగం రచయిత అధికారి ఎదుట తాగాలి. నురుగు గీత దాటితే అతను 'చైతన్య రచయిత', దాటకపోతే 'విశ్రాంతి వర్గం'. విశ్రాంతి వర్గంవారు బల్ల దగ్గర కూర్చోవచ్చు, మిక్చర్ తినవచ్చు, మాట్లాడకూడదు. (మొదట్లో ఈ శిక్ష ఎవరికి పడిందో గుర్తుపట్టడం కష్టమైంది. హీరోగారు వచ్చిన రోజుల్లో మేమెవరమూ మాట్లాడే అలవాటు లేదు.)

నురుగుకూ శక్తికీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. కమలాకర్ అడిగాడు, అతన్ని మొదటి విడతలోనే విశ్రాంతి వర్గంలో వేశారు. కానీ సంబంధం ఉంది, అది సైన్సే. జిన్‌సెనోసైడ్లు సపోనిన్లు అనే జాతికి చెందినవి. సపోనిన్లను నీళ్లలో కుదిపితే నురుగు వస్తుంది. కాబట్టి నురుగు వస్తే సపోనిన్లు ఉన్నట్టు, సపోనిన్లు ఉంటే జిన్‌సెంగ్ ఉన్నట్టు, జిన్‌సెంగ్ ఉంటే కథ ఉన్నట్టు. వీటిని విడివిడిగా కొలిచే యంత్రాలు పెద్ద ప్రయోగశాలల్లో ఉంటాయిగానీ, ఆ రిపోర్టు చేతికొచ్చేలోగా మా సినిమాలు విడుదలై థియేటర్లలోంచి వెళ్లిపోతాయి.

ఇదంతా నేను నవ్వుకుంటూ భరించేవాణ్ణే. కానీ మేం అప్పుడు తీస్తున్న సినిమాలో నా సీను ఒకటి ఉంది.

కొడుకు కోపంతో కత్తి తీసుకుని గుమ్మం దాటుతుంటాడు. తల్లి ఆపదు, ఏడవదు, ఒట్టు వేయించుకోదు. "వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురా నాన్నా, తోడుకు కూడా లేదు" అంటుంది. అంతే. కొడుకు రెండడుగులు వేసి ఆగిపోతాడు.

ఆ మాట నేను రాశాను గానీ నాది కాదు, కరుణది. వరసగా సినిమాలు పోయిన రోజుల్లో ఒక సాయంత్రం నేను చొక్కా తొడుక్కుని, ఈ ఊరూ వద్దు ఈ బతుకూ వద్దు అంటూ బయల్దేరాను. ఎక్కడికో నాకే తెలియదు, తిరిగొచ్చే ఉద్దేశం మాత్రం లేదు. కరుణ వంటింట్లోంచి తల కూడా బయట పెట్టకుండా, వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురమ్మంది. యూసుఫ్‌గూడ దాకా నడిచాను. అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించి, పెరుగు ప్యాకెట్ కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆమె ప్యాకెట్ అందుకుని గిన్నెలో పోసింది, అన్నం తిన్నాం.

ఆ మాటను ఏళ్ల తరబడి దాచుకున్నాను. పనికిమాలిన సినిమాల్లో వాడటానికి మనసొప్పలేదు, మంచి సినిమా నాదాకా రాలేదు. చివరికి ఇందులో పెట్టాను. సిట్టింగ్‌లో చదివినప్పుడు మిక్చర్ నమిలే చప్పుడు ఆగిపోయింది. పాండురంగారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంటికొచ్చి, నీ మాట తెర మీదికి వస్తోందని కరుణతో చెబితే, ఆ రోజు పెరుగు పుల్లగా ఉందని కూడా రాయమంది. అని, అటు తిరిగి చాలాసేపు నవ్వుకుంది. ఆ సీను ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

అంతలో నియమావళికి సవరణ వచ్చింది. దాని పేరు పూర్వశక్తి నిబంధన. రచయితకు చైతన్య ధ్రువీకరణ రాకముందు రాసిన సన్నివేశాలన్నీ శక్తిహీనంగా భావించబడతాయి, వాటిని తొలగించి ధ్రువీకరణ పొందినవారితో తిరిగి రాయించాలి. నా సీను మొదటి జాబితాలోనే ఉంది. దాన్ని కాపాడుకోవాలంటే అప్పీలు పెట్టాలి. అప్పీలు పెట్టాలంటే ముందు చైతన్య రచయిత కావాలి.

జిన్‌సెంగ్ కోసం నేను ఎక్కువ దూరం వెళ్లలేదు. విభాగం ప్రారంభోత్సవంలో మా అందరికీ తలా ఒక కుండీ ఇచ్చారు. అందులో లావుపాటి వేళ్లతో చిన్న బోన్సాయ్ చెట్టు, కుండీ మీద 'జిన్‌సెంగ్ బోన్సాయ్' అన్న చీటీ ఉన్నాయి. ఇంట్లోనే నిధి పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికని, ఆదివారం కరుణ చర్చికి వెళ్లిన సమయంలో (నాకు తలనొప్పి అని చెప్పాను) దాన్ని పీకి, వేళ్లు ముక్కలు కోసి, కుక్కర్లో పెట్టి విజిల్స్ వేయించాను. ఆవిరి మీద ఉడికితే శక్తి పెరుగుతుందని విన్నాను కదా.

కరుణ వచ్చి కుక్కర్ మూత తీసి చూసింది. అది జిన్‌సెంగ్ కాదనీ, రావి, మేడి చెట్ల చుట్టమనీ, వేళ్లు లావుగా ఉంటాయని నర్సరీవాళ్లు ఆ పేరు తగిలించారనీ చెప్పింది. అసలు జిన్‌సెంగ్ కుటుంబం మొక్క కావాలంటే మా ఆఫీసు గేటుకు రెండు వైపులా కంచెలా పెంచిన అరేలియా మొక్కలున్నాయట. మేము రోజూ వాటి పక్కనే నిలబడి లోపలికి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాం. అసలు కుటుంబానికి చెందినవాళ్లు గేటు బయట నిలబడటం ఫిల్మ్‌నగర్ చరిత్రలో ఇదే మొదటిసారి అనుకుంటాను.

నేను మొత్తం నురుగు పరీక్ష సంగతి ఆమెకు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఇంటర్ పిల్లల పేపరు దిద్దేటప్పటి ముఖం పెట్టింది.

"కుంకుడుకాయలో ఉన్నవీ సపోనిన్లేనండీ. నురుగొచ్చిందల్లా జిన్‌సెంగ్ అయితే, ప్రతి వారం మీ తలకి నేను రుద్దుతున్నదీ అదే. ఆ పరీక్ష తప్పు. రేపు వెళ్లి ఆ అమ్మాయికి చెప్పండి" అంది.

కరుణ చెప్పింది స్పష్టంగానే ఉంది. వెళ్లి పరీక్ష తప్పని చెప్పమంది. నేను వెళ్లి రహమత్ నగర్‌లో ఒక కిరాణా కొట్టు నుంచి కుంకుడుకాయలు తెచ్చుకున్నాను. (ఇంట్లో ఉన్నవి తీస్తే ఆమెకు తెలిసిపోతుంది.) కాయలు కొట్టి, గింజలు తీసి, పెచ్చులు నానబెట్టి, పిసికి, వడగట్టి, దాల్చినచెక్క, అల్లం వేసి ఫ్లాస్కులో పోశాను. నా జీవితంలో ఏ స్క్రిప్టు మీదా అంత శ్రద్ధ పెట్టలేదు.

మనోజ్ఞ గొట్టం కుదిపింది. నురుగు గీత దాటింది, గొట్టం అంచు దాటింది, ఆమె వేళ్ల మీదుగా దిగి బల్ల మీదున్న విజిటర్ల రిజిస్టరు దాకా వెళ్లింది. యాప్‌లో అంత ఎత్తు ఎక్కించడానికి గడి లేకపోవడంతో యాప్ తయారుచేసినవాళ్లకు బెంగళూరు ఫోన్ చేసి కొత్త గడి పెట్టించారు. మిగతా సగం నేను తాగాను. తలంటు పోస్తుండగా నోరు తెరిచిన ప్రతి తెలుగువాడికీ ఆ రుచి తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ధన్యవాదాలు చెప్పబోతే మాటకు బదులు బుడగ వచ్చింది. దాన్ని కూడా మనోజ్ఞ ఫొటో తీసి, శక్తి బహిర్గతం కావడం అనే శీర్షిక కింద భద్రపరిచింది.

ఆ రోజంతా నేను బాత్రూముకూ బల్లకూ మధ్య ఎంత చురుగ్గా తిరిగానంటే, దాన్ని చూసి విశ్రాంతి వర్గంవాళ్లు సిగ్గుపడ్డారని రిపోర్టులో రాశారు. ఒక్క కమలాకర్ మాత్రం సిగ్గుపడలేదు. మెట్ల దగ్గర నన్ను ఆపి, నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, గా వాసన నాకు ఎర్కలేదనుకుంటున్నవా? మా అవ్వ ప్రతి ఆయితారం నా నెత్తికి గదే పెట్టేది. ఫికర్ చెయ్యకు, నేనెవ్వరికీ చెప్ప. గానీ గా పెరుగు సీను మాత్రం పోనియ్యకు. గీ పిచ్చరంతట్ల మనిషి మాట్లాడే మాట గదొక్కటే."

పోనివ్వనని అతని చెయ్యి పట్టుకుని చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. అప్పుడే నా అప్పీలు కూడా దాఖలు చేశాను. ఆ సీను శక్తిహీనం కాదనీ, చదివిన రోజున సాక్షాత్తూ నిర్మాతగారే కళ్లజోడు తుడుచుకున్నారనీ అందులో మనవి చేసుకున్నాను.

అయితే ఈ లోపల నా నురుగు ఖ్యాతి నిర్మాతగారి దాకా పాకింది. పాండురంగారావుగారు నన్ను పిలిపించి, "ఏవయ్యా రాజబాబూ, ఇంత సరుకు పెట్టుకుని ఇన్నాళ్లూ ఆ మూల కూర్చున్నావేంటి?" అన్నారు. ఇంత చైతన్యం ఉన్న మనిషిని మాటలు రాయడానికి వృథా చేయకూడదని ఆయన అభిప్రాయపడ్డారు. నన్ను ప్రధాన నురుగు పరిశీలకుడిగానూ, అప్పీళ్ల అధికారిగానూ నియమించారు. మూడో అంతస్తులో కేబిన్, ఏసీ, కిటికీలోంచి చూస్తే జూబ్లీహిల్స్ ఇళ్ల మేడలు, అద్దం తలుపు మీద నా పేరు. ముప్పై ఏళ్లుగా నా పేరు తెర మీద, జనం చీకట్లో సీట్లు వెతుక్కుని కూర్చునే సమయంలో పడేది. ఇప్పుడది తలుపు మీద కదలకుండా ఉంది. నేను లోపలి నుంచి కూడా దాన్ని తిరగేసి చదువుకునేవాణ్ణి.

కేబిన్‌లో నా ముందుకొచ్చిన మొట్టమొదటి ఫైలు నా అప్పీలే.

దీన్ని మనోజ్ఞ దృష్టికి తెచ్చాను. నా మీద నేను విచారణ జరపడం బాగుండదేమో అన్నాను. ఆమె నియమావళి తిరగేసి, అధికారి, అప్పీలుదారు వేరువేరుగా ఉండాలని ఎక్కడా లేదనీ, అప్పీలుదారును స్వయంగా పిలిపించి వినాలని మాత్రం ఉందనీ చెప్పింది. నియమం నియమమే కాబట్టి నన్ను నేను పిలిపించుకున్నాను. అప్పీలుదారు చెప్పిన వేళకే వచ్చాడు. అధికారి ఫోన్‌లో ఉన్నందున అతన్ని కాసేపు బయట సోఫాలో కూర్చోబెట్టడం జరిగింది. (నిజంగానే వెళ్లి కూర్చున్నాను. మనోజ్ఞ చూస్తోంది.) తర్వాత లోపలికి పిలిచి ఓపికగా విన్నాను. అతని వాదన బలంగానే ఉందనిపించింది. మనిషి మాత్రం కాస్త బెదురుగా కనిపించాడు.

నేను అప్పీలు మంజూరు చేసేవాణ్ణే. కలం కూడా తీశాను. అప్పుడు మనోజ్ఞ ఎంతో మర్యాదగా రెండు విషయాలు మనవి చేసింది.

మొదటిది, ఆ సీను స్థానంలో కొత్తది సిద్ధమైపోయింది. మలయశక్తి జిన్‌సెంగ్ అనే కంపెనీ మా చిత్రానికి ఉత్సాహ భాగస్వామిగా చేరింది. కొత్త సీనులో కొడుకు కత్తి తీసుకుని గుమ్మం దాటుతుంటే తల్లి ఒక గ్లాసు అందించి, ఇది తాగి వెళ్లు నాన్నా అంటుంది. కొడుకు తాగి, వెళ్లి, అందర్నీ నరికేసి వస్తాడు. హీరోగారికి బాగా నచ్చింది. తల్లి పాత్రకు ఇప్పుడు కథలో ప్రాధాన్యం పెరిగిందన్నారట.

రెండోది చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇంకా మృదువుగా మారింది.

"సర్, ఫుల్ పవర్స్ మీవే, మీరు అలౌ చేయొచ్చు. కానీ జిన్‌సెంగ్ లేకుండానే మంచి సీన్ రాశానని ఎవరైనా ప్రూవ్ చేయాలంటే, వాళ్ల శాంపిల్ రియల్ ల్యాబ్‌కి పంపాలని రూల్ ఉంది సర్. అప్పీలుదారు కూడా మీరే కదా. ఫ్లాస్క్ తెచ్చారా సర్?"

ఫ్లాస్కు బల్ల కిందే ఉంది. నేను దాన్ని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాను.

ఆ గదిలో నేను చేయగలిగినవి రెండే. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, అమ్మా ఇది కుంకుడుకాయ, మీ పరీక్ష తప్పు, ఈ సీను మందు లేకుండానే రాసింది, అయినా బావుంది అని చెప్పడం ఒకటి. అలా చెబితే నన్నూ సీనునూ కలిపి బయటికి పంపేవాళ్లో, లేకపోతే ఆ విభాగాన్నే మూసేసి నా సీను నిలబెట్టేవాళ్లో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే చెప్పి చూడాలి. సినిమాల్లో నేను రాసిన హీరోలందరూ ఈ పని చేశారు, అదీ వానలో తడుస్తూ చేశారు. నేను ఏసీ కాస్త తగ్గించమని చెప్పి, ఉత్తర్వు రాయడం మొదలుపెట్టాను.

"అప్పీలుదారు సమర్పించిన సన్నివేశము చదువరుల కంట నీరు తెప్పించుచున్న మాట వాస్తవమే అయినను, సదరు నీరు ఏ రసాయనము వలన వచ్చినదో అప్పీలుదారు నిరూపించలేకపోయినందునను, నిర్మాతగారు కళ్లజోడు తుడుచుకొనుటకు ధూళి మొదలగు ఇతర కారణములు ఉండవచ్చును గనుకను, సన్నివేశము రచించునాటికి అప్పీలుదారు ఒంటిలో ఎట్టి శక్తియు లేదని అతని గత చిత్రములే రుజువు చేయుచున్నందునను, ఈ అప్పీలు కొట్టివేయడమైనది."

కింద అధికారిగా ఒక సంతకం, ఉత్తర్వు అందుకున్నట్టు అప్పీలుదారుగా మరో సంతకం చేశాను. రెండూ ఒకేలా ఉన్నాయని మనోజ్ఞ అభ్యంతరం చెబితే రెండోది కొంచెం వణికినట్టు మళ్లీ చేశాను. దానికి పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది.

కమలాకర్ ఉత్తర్వు చదివి నా కేబిన్‌కు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది. అతను తలుపు మీది పేరునూ నన్నూ ఒకసారి చూసి, "మంచిగున్నదన్నా కేబిను" అని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆఫీసుకు రాలేదు. యాప్‌లో అతని పేరు పక్కన ఇప్పటికీ 'విశ్రాంతి' అనే చూపిస్తోంది.

కరుణకు చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ ఆమె ముఖం చూస్తే నాకు అబద్ధాలు రావు, రాసేటప్పుడే వస్తాయి. భోజనాల దగ్గర మొత్తం చెప్పాను. కుంకుడుకాయల దగ్గర్నుంచి ఉత్తర్వు దాకా చెప్పాను. ఆమె ప్రార్థన ముగించి, నా కంచంలో అన్నం వడ్డించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ముందు అంత సిగ్గుపడింది లేదు.

"పోనీలెండి. ఆ మాట నేనన్నది సినిమా కోసం కాదుగా, మీరు తిరిగి రావాలని" అంది.

నేను ఉద్యోగం మానేయలేదు. రోజూ గేటు దగ్గర నిలబడి రచయితల నురుగు కొలుస్తున్నాను. కుర్రవాళ్లు మంచి మంచి ఫ్లాస్కులు తెస్తున్నారు, కొన్నింట్లో ఈ మధ్య షాంపూ వాసన కూడా వస్తోంది. నేను ఏమీ అనడం లేదు, గీత దాటిందో లేదో చూసి లోపలికి పంపుతున్నాను. మా కథా విభాగం ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదని పాండురంగారావుగారు సంతోషంగా ఉన్నారు.

నా ఉత్తర్వు ఆయన దగ్గర నుంచి దర్శకుడికీ, దర్శకుడి దగ్గర నుంచి హీరోగారికీ వెళ్లి తిరిగొచ్చింది. ఈ ముప్పై ఏళ్లలో నేను రాసినవాటిలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఓకే అయినది అదొక్కటే.